ఎముక తొందరపడదు: ఇంప్లాంట్ పన్ను పెట్టించుకునే ముందు

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలున్నాయి. ఊడిపోయిన పన్ను చోట ఇంప్లాంట్ పెట్టించుకోవాలనుకునేవాళ్లు ముందు ఏం తెలుసుకోవాలి, డాక్టరును ఏం అడగాలి, ఆ తర్వాత ఇంట్లో ఏం చేసుకోవాలి... ఈ సాయంత్రం మన మాటంతా దీని మీదే. మీకు చీటీలు ఇచ్చారు కదా, ప్రశ్నలుంటే రాసి పంపండి. చివర్లో చదువుతాను.

ముందు ఒక పేరు సంగతి తేల్చుకుందాం. ఇంప్లాంట్‌ను మనవాళ్లు 'పర్మనెంట్ పన్ను' అంటున్నారు. బోర్డుల మీదా అలాగే రాస్తున్నారు. ఆ మాట వల్ల రెండు నష్టాలు జరుగుతున్నాయి. పెట్టించుకున్నాక ఇక దాని జోలికి పోనక్కర్లేదనుకుంటున్నారు. అంతకంటే పెద్ద నష్టం, రూట్ కెనాల్ చేసి క్యాప్ వేస్తే ఇంకో పదిహేనేళ్లు పనిచేసే సొంత పన్నును కూడా 'పీకేసి పర్మనెంట్ది పెట్టండి' అంటున్నారు. దేవుడిచ్చిన వేరుకు సమానమైన వేరును ఇంతవరకూ ఎవరూ తయారుచేయలేదు. పన్ను నిలబెట్టే దారి ఉంటే ముందు ఆ దారే పట్టాలి. ఇక నిలవదని తేలాకే ఇంప్లాంట్ మాట.

ఇదిగో, ఈ నమూనా చూడండి, చేతులు మార్చుకుంటూ వెనక్కి పంపండి. ఇందులో మూడు భాగాలున్నాయి. అడుగున ఉన్నది టైటానియం మర. ఇంప్లాంట్ అంటే నిజానికి ఇదొక్కటే. ఎక్కువగా 3.5 నుంచి 5 మిల్లీమీటర్ల లావు, 8 నుంచి 13 మిల్లీమీటర్ల పొడవు ఉంటుంది. దాని మీద చిగురులోంచి పైకి వచ్చే మెడలాంటి ముక్క అబట్‌మెంట్. దాన్ని లోపలి మరకు పట్టి ఉంచేది ఒక చిన్న స్క్రూ. ఆ పైన కనిపించే పన్ను క్యాప్. ఈ మూడింటినీ గుర్తుపెట్టుకోండి. 'ఇంప్లాంట్ ఇంతకే' అని ఎవరైనా ధర చెబితే, అది ఒక్క మరకా, మూడింటికీ కలిపా అని అడగాల్సి ఉంటుంది.

టైటానియం ఎముకలో ఎందుకు నిలుస్తుంది? 1952లో స్వీడన్‌లో పెర్-ఇంగ్వార్ బ్రనెమార్క్ అనే పరిశోధకుడు కుందేలు కాలి ఎముకలో రక్తప్రసారం చూడటానికి టైటానియం పరికరం అమర్చారు. పని అయ్యాక తీయబోతే రాలేదు. ఎముక దాన్ని పట్టేసుకుంది. 1965లో గోథెన్‌బర్గ్‌లో గోస్టా లార్సన్ అనే రోగి కింది దవడలో బ్రనెమార్క్ మొదటిసారి ఇంప్లాంట్లు పెట్టారు. లార్సన్ 2006లో చనిపోయేదాకా, అంటే నలభై ఏళ్లు, అవి పనిచేశాయి. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఆ రోజుల్లో మర పెట్టి, పైన చిగురు కుట్టేసి, కింది దవడైతే మూడు నెలలు, పై దవడైతే ఆరు నెలలు దాని జోలికి పోయేవాళ్లు కాదు. ఇప్పుడు మర మీద ఉపరితలం గరుకుగా చేస్తున్నారు కాబట్టి కొంత ముందుగానే పడుతుంది. అయినా ఎముక పెరగడానికి పట్టే సమయం మాత్రం ఎముకదే. మన ప్రయాణం టికెట్లను బట్టి అది మారదు.

ఏ పన్ను పోతే ఇంప్లాంట్ పెట్టాలి? జ్ఞానదంతం పోతే అక్కర్లేదు. చివరి దవడపన్ను, అంటే ఏడో నెంబరు, అదొక్కటే పోయి మిగతావన్నీ బాగుంటే చాలామంది ఇబ్బంది లేకుండానే నమిలేస్తారు. ఎదురు పన్ను జారి దిగుతోందేమో చూసుకుంటూ వదిలేయొచ్చు. ఆరో నెంబరు పోయి, దానికి అటూ ఇటూ ఉన్నవి చెక్కుచెదరకుండా ఉంటే ఇంప్లాంట్‌కు మంచి కారణం ఉన్నట్టే. బ్రిడ్జి, అంటే పక్క పళ్లకు తొడిగి మధ్య ఖాళీని కప్పే కట్టుడు పన్ను, వేయాలంటే ఆ రెండు మంచి పళ్లనూ అరగదీయాలి కదా. అదే ఆ పక్క పళ్లకు ఎలాగూ పెద్ద ఫిల్లింగులు, పాత క్యాపులు ఉంటే బ్రిడ్జి వేయించుకోవడమే తెలివైన పని కావచ్చు. బ్రిడ్జి అనగానే పాతకాలం వైద్యం అనుకోకండి.

పన్ను పీకించుకుని ఎన్నాళ్లయిందన్నది చాలా ముఖ్యం. పీకిన చోట ఎముక మొదటి ఏడాదిలో దాదాపు సగం వెడల్పు కోల్పోతుంది. అందులో ఎక్కువ భాగం మొదటి మూడు నెలల్లోనే. అందుకని పీకించుకునే రోజునే చెప్పండి, 'ఇక్కడ తర్వాత ఇంప్లాంట్ పెట్టించుకోవాలనుకుంటున్నాను' అని. వేరు చుట్టూ ఉన్న గోడ విరగకుండా జాగ్రత్తగా తీస్తారు, అవసరమైతే గుంటలో ఎముక పొడి నింపుతారు. చీము పట్టి ఉంటే అదే రోజు ఇంప్లాంట్ పెట్టమని పట్టుబట్టొద్దు. ఆరేడు వారాలు మాననివ్వాలి.

ఇప్పుడు స్కానింగ్. ఓపీజీ అంటే దవడంతా ఒకే ఫిల్మ్ మీద కనిపించే ఎక్స్‌రే. అందులో ఎముక ఎత్తు కనిపిస్తుంది గానీ వెడల్పు కనిపించదు, కొలతలు కూడా ఉన్నదానికంటే పెద్దవిగా వస్తాయి. ఇంప్లాంట్‌కు కావాల్సింది సీబీసీటీ అనే త్రీడీ స్కాన్. ఎముకను బ్రెడ్డు ముక్కల్లా కోసి చూపిస్తుంది. డాక్టరు అందులో చూసే లెక్కలు ఇవీ: కింది దవడలో పెదవికి వెళ్లే నరానికీ మర కొసకీ మధ్య కనీసం 2 మిల్లీమీటర్లు, పక్క పన్ను వేరుకు 1.5, రెండు ఇంప్లాంట్ల మధ్య 3, బుగ్గ వైపు ఎముక గోడ 1.5 నుంచి 2.

ఒక లెక్క వేసి చూద్దాం. ఎముక వెడల్పు 6 మిల్లీమీటర్లు. 4 మిల్లీమీటర్ల మర పెడితే రెండు వైపులా మిగిలేది ఒక్కొక్క మిల్లీమీటరే. బుగ్గ వైపు పల్చటి గోడ అరిగిపోయి ఏడాది రెండేళ్లలో మర తళుక్కుమంటూ బయటపడుతుంది. అంటే సన్న మర వాడాలి, లేదా ఎముక పెంచాలి. ఎత్తు కూడా అంతే. నరం పైన 12 మిల్లీమీటర్లుంటే 10కి మించిన మర వద్దు, దానికి తోడు డ్రిల్లు కొస దాని మీద గీసిన గీతకంటే కొంచెం ముందుకే పోతుందని కూడా లెక్కలో వేసుకోవాలి. కాబట్టి 'నా స్కాన్‌లో ఎముక వెడల్పు ఎంత, నరానికి దూరం ఎంత' అని అడగండి. తెర మీద చూపించి చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. చూపించడానికి ఇష్టపడని చోట ఆలోచించుకోండి.

ఒంటి సంగతులు దాచొద్దు. షుగరున్నవాళ్లు ఇంప్లాంట్‌కు పనికిరారని కాదు. గత మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 7 లోపుంటే నిశ్చింతగా చేయొచ్చు, 8 దాటితే ముందు దాన్ని దించుకుని రావడం మేలు. గుండెపోటు వచ్చి ఆరు నెలలు కాకపోతే ఆగాలి. రక్తం పల్చబడే మాత్రలు, ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్, వీటిని సొంతంగా ఆపేయొద్దు. పంటికోసం ఆపి గుండెకు ముప్పు తెచ్చుకున్నట్టవుతుంది. దంత వైద్యులూ గుండె డాక్టరుగారూ మాట్లాడుకుని నిర్ణయించాలి.

ఆడవాళ్లు, ముఖ్యంగా యాభై దాటినవాళ్లు, ఈ మాట శ్రద్ధగా వినండి. ఎముకలు గుల్లబారాయని వారానికొకసారి పరగడుపున వేసుకునే అలెండ్రోనేట్ మాత్ర, ఏడాదికోసారి సెలైన్‌లో ఎక్కించే జోలెడ్రోనిక్ యాసిడ్, ఆరు నెలలకోసారి ఇచ్చే డెనోసుమాబ్ సూది, ఇవి వాడుతుంటే తప్పనిసరిగా చెప్పాలి. 'ఏం మందులు వాడుతున్నారమ్మా' అంటే బీపీ, షుగరు చెప్పి ఇది వదిలేస్తారు, కాల్షియం లాంటిదేలే అనుకుని. ఈ మందులు ఎముక తనను తాను బాగుచేసుకునే పనిని నెమ్మది చేస్తాయి. అరుదుగానే అయినా దవడ ఎముక మానకుండా బయటపడి కుళ్లే ప్రమాదం ఉంది. క్యాన్సర్ కోసం పెద్ద మోతాదులో వాడేవాళ్లలో ఆ ప్రమాదం చాలా ఎక్కువ. తలకూ మెడకూ రేడియేషన్ తీసుకున్నవాళ్లు కూడా చెప్పాలి.

ఇక పొగాకు. సిగరెట్టు, బీడీ, చుట్ట ఏదైనా సరే, చిగురుకు రక్తం అందే దారిని సన్నం చేస్తుంది. సర్జరీకి కనీసం వారం ముందు మానేసి, ఆ తర్వాత ఎనిమిది వారాలైనా ముట్టకుండా ఉండగలిగితేనే ముందుకెళ్లాలి. ఉత్తరాంధ్రలో అడ్డపొగ అలవాటున్న అమ్మలు, అమ్మమ్మలు ఇప్పటికీ ఉన్నారు. చుట్ట నిప్పు లోపలికి పెట్టి కాల్చడంవల్ల అంగిలి తెల్లబడి, మందమై, పుండ్లు పడి, కొందరిలో క్యాన్సర్‌గా మారుతుంది. అలాంటి నోట్లో ఇంప్లాంట్ కంటే ముందు అంగిలి పరీక్ష చేయించాలి. గుట్కా, వక్క నమిలేవాళ్లకు ఇంకో చిక్కు. బుగ్గలు బిగుసుకుపోయి నోరు తెరుచుకోదు. మీ మూడు వేళ్లు నిలువుగా పెట్టి చూసుకోండి, పళ్ల మధ్య పట్టకపోతే వెనక దవడపన్ను దగ్గరికి డ్రిల్లు తిన్నగా దిగదు. వంకరగా దిగిన మర మీద పన్ను కూడా వంకరే.

చిగుళ్ల జబ్బు, మనం పయోరియా అంటాం కదా, అది ఉంటే ముందు దాన్ని నయం చేయించుకోవాలి. పక్క పళ్ల చుట్టూ ఉన్న అవే సూక్ష్మజీవులు వారాల్లోనే కొత్త మర చుట్టూ చేరతాయి.

సర్జరీ రోజు గురించి ఎక్కువ భయపడతారు గానీ, చెప్పాల్సింది తక్కువే. మామూలుగా పన్ను పీకేటప్పుడు ఇచ్చే మత్తు సూదే. ఖాళీ కడుపుతో రావొద్దు, టిఫిన్ చేసి, మీ బీపీ మాత్ర వేసుకుని రండి. చాలామంది డాక్టర్లు గంట ముందు ఒక మోతాదు యాంటీబయాటిక్ వేసుకోమంటారు. పెన్సిలిన్ పడనివాళ్లు ఆ మాట ముందే చెప్పాలి. చిగురు కోసి, 2 మిల్లీమీటర్ల డ్రిల్లుతో మొదలుపెట్టి, ఒక్కో సైజు పెంచుకుంటూ గుంట చేస్తారు. ఆ సేపంతా చల్లటి సెలైన్ ధారగా పోస్తూనే ఉంటారు. ఎందుకంటే ఎముక 47 డిగ్రీల వేడిని ఒక్క నిమిషం తగిలినా తట్టుకోలేదు, చచ్చిపోతుంది. మొద్దుబారిన డ్రిల్లులు, చాలని నీళ్లు... మొదటి వారాల్లోనే మర వదులవడానికి ఇవి పెద్ద కారణాలు. ఒక పన్నుకు అరగంట నుంచి గంట పడుతుంది. నొక్కుతున్నట్టు, అదురుతున్నట్టు తెలుస్తుంది, నొప్పి తెలియకూడదు. తెలిస్తే చెయ్యెత్తండి.

ఇంటికెళ్లాక: గాయం మీద పెట్టిన గాజుగుడ్డ మడతను అరగంట నుంచి ముప్పావుగంట నొక్కి పట్టండి. ఆ రోజు ఉమ్మొద్దు, పుక్కిలించొద్దు, స్ట్రాతో తాగొద్దు. నోట్లో పీల్పు వస్తే గడ్డకట్టిన రక్తం ఊడిపోతుంది. బుగ్గ మీద బయటి నుంచి ఐస్ ఇరవై నిమిషాలు పెట్టి, ఇరవై నిమిషాలు తీసేయండి. చల్లారిన జావ, పెరుగన్నం, మెత్తటి ఇడ్లీ సరిపోతాయి. జంతికలు, చేగోడీలు, ఆవకాయ కారం కొన్నాళ్లు పక్కన పెట్టండి. మర్నాటి నుంచి గోరువెచ్చని ఉప్పునీళ్లు, డాక్టరు రాసిన క్లోర్‌హెక్సిడిన్ 10 మిల్లీలీటర్లు రోజుకు రెండుసార్లు. దానికీ పేస్టుకూ అరగంట ఎడం ఉండాలి. వారం రెండు వారాలకు మించి వాడితే పళ్లు గోధుమరంగు పడతాయి. వాపు రెండో, మూడో రోజున బాగా పెరిగి తర్వాత తగ్గుతుంది. నాలుగైదు రోజుల తర్వాత కూడా పెరుగుతుంటే, జ్వరమొస్తే, వెంటనే వెళ్లాలి.

ఒక్క విషయంలో మాత్రం మర్నాటి దాకా కూడా ఆగొద్దు. కింది దవడలో పెట్టించుకున్నాక మత్తు దిగాల్సిన వేళ దాటిపోయినా, అంటే ఐదారు గంటల తర్వాత కూడా, పెదవి, గడ్డం మొద్దుబారే ఉంటే ఆ రాత్రే ఫోన్ చేయండి. మర నరాన్ని నొక్కుతూ ఉండొచ్చు. ఒకటి ఒకటిన్నర రోజుల్లో దాన్ని తీసేస్తే నరం కోలుకునే అవకాశం ఎక్కువ. 'అదే తగ్గిపోతుందిలే' అని పదిహేను రోజులు ఆగితే ఆ స్పర్శ తిరిగి రాకపోవచ్చు.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం, ఎదురుచూపు. వరి నాటు వేసినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. నాటిన రోజు నారు నిటారుగా ఉంటుంది, వారానికి పసుపుబారి వాలుతుంది, వేరు పట్టాక తేరుకుంటుంది. ఇంప్లాంట్ కూడా అంతే. పెట్టిన రోజు గట్టిగా ఉంటుంది, అది మర బిగువు. ఆ తర్వాత చుట్టూ ఉన్న పాత ఎముక కొంత కరుగుతుంది, కొత్తది ఇంకా గట్టిపడి ఉండదు. అందుకే మూడు, నాలుగు వారాల దగ్గర బిగువు బాగా తగ్గుతుంది. సరిగ్గా అప్పటికే నొప్పి పోయి, కుట్లు విప్పి, మనకు ధైర్యం వచ్చి ఉంటుంది. ఆ వైపు వేరుశెనగ చిక్కీ కొరుకుతాం. మర 100 నుంచి 150 మైక్రాన్లకు మించి, అంటే రెండు వెంట్రుకల మందమంత, పదేపదే కదిలిందంటే ఎముక బదులు మెత్తటి కండ పడుతుంది. అలాంటి మర ఇక నిలవదు. కాబట్టి కింది దవడలో రెండు మూడు నెలలు, పై దవడలో మూడు నుంచి ఆరు నెలలు, నొప్పి లేకపోయినా ఆ వైపు గట్టివి నమలొద్దు. ఈలోపు తాత్కాలిక పన్ను పెడితే అది మర మీద నొక్కకూడదు, ఎదురు పన్నుకు తగలకూడదు.

'మూడు రోజుల్లో ఫిక్స్‌డ్ పళ్లు' అనే ప్రకటనలు చూస్తున్నారు. అవన్నీ అబద్ధమని నేను అనను. నాలుగో, ఆరో, అంతకంటే ఎక్కువో మరలు పెట్టి, వాటన్నిటినీ ఒకే బ్రిడ్జితో బిగించి కడితే ఒకదానికొకటి ఆసరాగా నిలుస్తాయి. ఒక్కో మర కనీసం 35 న్యూటన్ సెంటీమీటర్ల బిగువుతో కూర్చుంటే అలా చేయొచ్చు. కానీ మూడు రోజుల్లో వచ్చేది పన్నే, ఎముక కాదు. ఎముక తన నెలలు తను తీసుకుంటుంది. అందుకే చాలాచోట్ల మొదట పెట్టేది తాత్కాలిక బ్రిడ్జి, నెలల తర్వాత అసలుది. ఇది చెప్పకుండా 'నాలుగో రోజు మటన్ తినొచ్చు' అన్న చోట నుంచి లేచి వచ్చేయండి. ఇంకో సంగతి, ఇలాంటి ప్యాకేజీ కోసం మిగిలిన మంచి పళ్లన్నీ పీకేద్దామంటే ఇంకో డాక్టరు అభిప్రాయం తీసుకోకుండా ఒప్పుకోవద్దు.

పై దవడలో వెనక పళ్ల మీద సైనస్ అనే గాలి గది ఉంటుంది. పళ్లు పోయాక ఆ గది కిందికి దిగి, ఎముక మూడు నాలుగు మిల్లీమీటర్లే మిగలొచ్చు. అప్పుడు ఆ గది పొరను మెల్లగా ఎత్తి ఎముక పొడి నింపుతారు. దానికి ఆరు నుంచి తొమ్మిది నెలలు అదనం. ఆ తర్వాత రెండు వారాలు ముక్కు గట్టిగా చీదొద్దు, తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మండి.

ఎముక పొడి దేనితో చేస్తారని మనవాళ్లు అడగరు, అడిగితే బాగుంటుంది. మీ ఎముకే తీయొచ్చు, మనిషి దానం చేసినది ఉంటుంది, పూర్తిగా రసాయనంతో చేసినదీ ఉంటుంది. కానీ విరివిగా వాడే వాటిలో ఆవు ఎముక నుంచి తీసిన పొడి ఒకటి. పైన కప్పే పొరల్లో కొన్ని పంది నుంచి, కొన్ని ఆవు నుంచి వచ్చినవి. వైద్యపరంగా అవి బాగా పనిచేస్తాయి, పూర్తిగా శుద్ధి చేసినవే. అయినా మీ ఆచారం, నమ్మకం ఒప్పుకోకపోతే ముందే చెప్పండి, వేరేది వాడతారు. సర్జరీ అయ్యాక తెలిసి బాధపడటం కంటే అది మంచిది.

క్యాప్ దశలో ఒకటే ప్రశ్న గుర్తుంచుకోండి: 'స్క్రూతో బిగిస్తారా, సిమెంటుతో అతికిస్తారా?' సిమెంటుతో అతికించినప్పుడు మిగులు చిగురు కిందికి జారుతుంది. అది కంటికి కనపడదు, కొన్నిసార్లు ఎక్స్‌రేలోనూ తెలియదు. చుట్టూ వాచి, చీము పట్టి, ఎముక కరగడానికి ఈ మిగిలిపోయిన సిమెంటు ఒక ముఖ్య కారణం. స్క్రూతో బిగించినదైతే పైన చిన్న రంధ్రం ఉండి, దాన్ని పంటిరంగు ఫిల్లింగుతో మూస్తారు. రేపు ఏదైనా తేడా వస్తే విప్పి, శుభ్రం చేసి, మళ్లీ బిగించొచ్చు. మర వాలు బట్టి అన్నిచోట్లా కుదరకపోవచ్చు. కుదిరిన చోట మాత్రం అదే అడగండి. బిగించాల్సింది చేతి అంచనాతో కాదు, కొలత చూపే రెంచ్‌తో. కంపెనీ చెప్పిన బిగువు చాలావరకు 25 నుంచి 35 న్యూటన్ సెంటీమీటర్ల మధ్య ఉంటుంది.

సొంత పన్నుకూ ఎముకకూ మధ్య పల్చటి నారల పొర ఉంటుంది. నమిలేటప్పుడు కొంచెం నొక్కుకుంటుంది, అన్నంలో రాయి తగిలితే క్షణంలో చెబుతుంది. ఇంప్లాంట్‌కు ఆ పొర లేదు. అందుకే క్యాప్ పెట్టాక నీలం కాగితం కొరికించి, ఇంప్లాంట్ పన్ను పక్కవాటికంటే ఎత్తుగా తగలకుండా చూస్తారు. నిద్రలో పళ్లు కొరికేవాళ్లు పళ్లకు తొడిగే రాత్రి గార్డు పెట్టుకోవాలి.

క్యాప్ కదులుతున్నట్టనిపిస్తే భయపడొద్దు, అలాగని ఆలస్యమూ చేయొద్దు. చాలావరకు లోపలి చిన్న స్క్రూ వదులైందంతే. ఆ వారంలోనే వెళ్తే బిగిస్తారు. అలాగే నములుతూ పోతే స్క్రూ మర లోపలే విరుగుతుంది, అప్పుడు పని కష్టం.

ఇక్కడే స్టిక్కర్ మాట చెప్పాలి. ప్రతి ఇంప్లాంట్ సీల్డ్ డబ్బాలో కంపెనీ పేరు, మోడల్, లావు, పొడవు, లాట్ నెంబరు ఉన్న స్టిక్కర్లు ఉంటాయి. ఒకటి డాక్టరు ఫైల్లో, ఒకటి మీ చేతికి. ఒక్కో కంపెనీ స్క్రూకు ఒక్కో డ్రైవరు పడుతుంది. పదేళ్ల తర్వాత ఆ క్లినిక్ ఉండకపోవచ్చు, మీరు ఇంకో ఊళ్లోనో, పిల్లల దగ్గర డల్లాస్‌లోనో ఉండొచ్చు. ఆ స్టిక్కర్ లేకపోతే అక్కడి డాక్టరు వదులైన స్క్రూ బిగించడానికి కూడా తంటాలు పడాలి. ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి, స్కాన్ ఫైల్ కూడా అడిగి తీసుకోండి.

బిల్లు విడివిడిగా రాయించుకోండి: స్కాన్, మర, అబట్‌మెంట్, క్యాప్, ఎముక పొడి, తాత్కాలిక పన్ను. మర వదులైతే మళ్లీ పెట్టడానికి ఏం తీసుకుంటారో కూడా రాతపూర్వకంగా ఉండాలి. 'జీవితకాల గ్యారంటీ' అన్నది చాలావరకు మర అనే లోహపు ముక్కకే, మళ్లీ సర్జరీకీ క్యాప్‌కూ కాదు. మన దేశంలో ఇంప్లాంట్లకంటూ విడిగా ఎండీఎస్, అంటే దంత వైద్యంలో పీజీ, విభాగం లేదు. ప్రోస్థోడాంటిక్స్ (కట్టుడు పళ్లు), పెరియోడాంటిక్స్ (చిగుళ్లు), ఓరల్ సర్జరీ చదివినవాళ్లు, శిక్షణ తీసుకున్న బీడీఎస్ డాక్టర్లు చేస్తారు. డెంటల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నెంబరు చూడటం, సర్జరీ ఎవరు చేస్తారు, క్యాప్ ఎవరు పెడతారు, తర్వాత ఎవరు చూస్తారు అని అడగడం మీ హక్కు. హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లోనూ, విజయవాడలోనూ ప్రభుత్వ దంత కళాశాలలున్నాయి. రెండో అభిప్రాయం కోసం అక్కడికైనా వెళ్లొచ్చు.

ఇక శుభ్రత. ఇంప్లాంట్ పుచ్చదు, నిజమే. కానీ దాని చుట్టూ చిగురు పట్టు సొంత పన్ను చుట్టూ ఉన్నంత గట్టిగా ఉండదు. పాచి చేరితే వాపు నేరుగా ఎముకదాకా దిగుతుంది. నొప్పి ఉండదు, అదే దీని మోసం. బ్రష్ చేసేటప్పుడు రక్తం, నొక్కితే చీము, నోట్లో చెడు వాసన... ఇవే గుర్తులు. పొద్దున, రాత్రి మెత్తటి బ్రష్‌తో చిగురు అంచున తోమాలి. రాత్రిపూట పళ్ల సందుల్లో చిన్న సందు బ్రష్ తిప్పాలి, దాని తీగకు ప్లాస్టిక్ పూత ఉండాలి, ఉత్త ఇనుప తీగ మరను గీరుతుంది. బ్రిడ్జి కింద సూపర్ ఫ్లాస్ అనే మందపాటి దారం దూర్చి తుడవాలి. వేపపుల్ల బయటివైపు బాగానే తోముతుంది గానీ సందుల్లోకి వెళ్లదు. బొగ్గుపొడి, ఉప్పు, ఇటుకపొడి వద్దు. మూడు నుంచి ఆరు నెలలకోసారి చూపించుకోవాలి. క్యాప్ పెట్టిన రోజు ఒక ఎక్స్‌రే, ఏడాదికి ఇంకొకటి పక్కపక్కన పెట్టి చూస్తే ఎముక ఎంత తగ్గిందో తెలుస్తుంది. మొదటి ఏడాది ఒకటి, ఒకటిన్నర మిల్లీమీటరు తగ్గడం మామూలే, ఆ తర్వాత ఏడాదికి 0.2 లోపే ఉండాలి.

చీటీలు వచ్చాయి, చదువుతాను.

'అమెరికా నుంచి మూడు వారాల సెలవు మీద వస్తున్నాను, అంతా పూర్తి చేయొచ్చా?' ఒక్క పన్నుకైతే రెండు ప్రయాణాలు అనుకోండి. మొదటిసారి సెలవు మొదట్లోనే సర్జరీ పెట్టించుకోండి, చివర్లో కాదు. కుట్లు విప్పడానికి, ఏదైనా తేడా వస్తే చూడటానికి రెండు వారాలైనా ఇక్కడుండాలి. నాలుగైదు నెలల తర్వాత వచ్చినప్పుడు క్యాప్. అక్కడ మీ డాక్టరు ఒప్పుకుంటే క్యాప్ అక్కడే పెట్టించుకోవచ్చు, స్టిక్కర్ ఉంటే.

'ఎంఆర్‌ఐ తీయించుకోవచ్చా, ఎయిర్‌పోర్టులో మోగుతుందా?' తీయించుకోవచ్చు, టైటానియాన్ని అయస్కాంతం లాగదు. ఆ దగ్గర బొమ్మ కొంచెం మసకగా రావొచ్చు, అందుకే ముందే చెప్పండి. ఎయిర్‌పోర్టులో మోగదు.

'మా అబ్బాయికి 16 ఏళ్లు, బండి మీద పడి ముందు పన్ను పోయింది.' ఇప్పుడే వద్దండి. దవడ పెరుగుతూ ఉంటుంది, ఇంప్లాంట్ పెరగదు. నాలుగేళ్లు పోయాక ఆ పన్ను పొట్టిగా, పైన ఉండిపోతుంది. ఆడపిల్లలకు 18, మగపిల్లలకు 20, 21 దాటాక. అప్పటిదాకా వెనక నుంచి అతికించే తాత్కాలిక పన్ను పెట్టించండి.

'వదులై ఊడిపోతే మళ్లీ పెట్టొచ్చా?' పెట్టొచ్చు. తీసేసి, రెండు మూడు నెలలు మాననిచ్చి, ఎందుకు పోయిందో కారణం తేల్చుకున్నాకే. అదే సిగరెట్టు, అదే షుగరు ఉంటే రెండోదీ అదే దారిన పోతుంది.

చివరి చీటీ. 'మా అమ్మకు 78. కింది కట్టుడు పళ్ల సెట్టు నిలవడం లేదు, అన్నం తినలేకపోతోంది.' వయసు అడ్డం కాదు. ఆవిడకు నోటినిండా ఇంప్లాంట్లు అక్కర్లేదు. కింది దవడ ముందు భాగంలో రెండు చాలు, అక్కడ ఎముక గట్టిగా ఉంటుంది, ఆ నరం బెడదా తక్కువ. సెట్టు అడుగున అమర్చిన రబ్బరు రింగులు ఆ రెండింటి మీద టిక్కుమని పట్టుకుంటాయి. 2002లో మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో కూడిన నిపుణులు, కింది దవడకు పళ్లే లేనివాళ్లకు మొదట ఆలోచించాల్సింది ఇదేనన్నారు. సెట్టు బాగుంటే పాతదాన్నే మార్చి వాడొచ్చు. రాత్రి తీసి నీళ్లలో వేయాలి, ఆ రెండు బొడిపెల చుట్టూ మెత్తటి బ్రష్‌తో తోమాలి. అమ్మ చేతులు వణుకుతుంటే ఆ పని ఇంట్లో ఎవరో ఒకరు చేయాలి. సుమారు ఏడాదికి రబ్బరు రింగులు వదులవుతాయి, పట్టు తగ్గిందనగానే మార్పించండి, అది ఐదు నిమిషాల పని.